సూజీ క్యూ: రాకీ మార్సియానో కుడిచేయి

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు, మన బడి జ్ఞాపకాలు నాకన్నా బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారని తప్పించుకోబోయాను. అయితే ఎవరైనా పేరున్న మనిషి జీవితం రాయి, ఇప్పటి పిల్లలు కూడా చదువుతారు అన్నారు. గాంధీగారి గురించి, కలాంగారి గురించి రాయడానికి మన తెలుగు మాస్టార్ల శిష్యులు ఉండనే ఉన్నారు. నేను పునాదుల ఇంజనీరును. ముప్పై ఏళ్లుగా వంతెనల కింద పైల్స్ దింపించడమే నా పని. పొద్దున లేస్తే దెబ్బల లెక్క. అందుకని ఒకే ఒక్క దెబ్బతో పేరు తెచ్చుకున్న ఒక మనిషి గురించి రాస్తున్నాను. పేరు రాకీ మార్సియానో. అమెరికావాడు, హెవీవెయిట్ బాక్సింగ్‌లో ప్రపంచ ఛాంపియన్. 49 పోటీలు ఆడి 49 గెలిచి, అందులో 43 నాకౌట్లు చేసి, ఒక్కసారి కూడా ఓడకుండా రింగ్ వదిలి వెళ్లిపోయినవాడు. అతని కుడిచేతి గుద్దుకు ఒక ముద్దుపేరు ఉండేది, సూజీ క్యూ అని. ఆడపిల్ల పేరులా ఉంది గానీ, అది తగిలినవాళ్లకు అలా అనిపించి ఉండదు.

రాకీ అసలు పేరు రోకో ఫ్రాన్సిస్ మార్కెజానో. 1923 సెప్టెంబరు 1న మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రాక్టన్‌లో పుట్టాడు. తల్లీ తండ్రీ ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లు. బ్రాక్టన్ అప్పట్లో చెప్పుల ఫ్యాక్టరీల ఊరు. తండ్రి పియెరీనో అలాంటి ఫ్యాక్టరీలోనే యంత్రం దగ్గర పనిచేసేవాడు. సన్నటి మనిషి. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం తరఫున వెళ్లి విషవాయువు బారిన పడి వచ్చాడు, ఆ తర్వాత ఒళ్లు పూర్తిగా కోలుకోలేదు. తల్లి పాస్క్వలీనా దిట్టమైన మనిషి. ఏడాదిన్నర వయసులో పిల్లవాడికి న్యుమోనియా వచ్చి చావు దాకా వెళ్లి బయటపడ్డాడు. ఆరుగురు పిల్లల ఇల్లు, ఒక్కడి కూలి. తండ్రి తోలువాసనతో ఇంటికి వచ్చి కూలబడటం చూసి, ఏం చేసినా సరే ఆ ఫ్యాక్టరీలో మాత్రం చేరనని రాకీ చిన్నప్పుడే అనుకున్నాడట. కొన్నాళ్లు అక్కడా చేశాడు, నిలవలేదు. ఐసు దిమ్మలు మోశాడు, బొగ్గు బండి మీద తిరిగాడు, గోతులు తవ్వాడు.

అతని మనసంతా బేస్‌బాల్ మీద. క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటి స్థానం ఒకటి అందులో ఉంటుంది, క్యాచర్ అంటారు. అతను క్యాచర్. బ్రాక్టన్ హైస్కూల్లో ఉండగా బడి జట్టుతో పాటు చర్చి జట్టుకు కూడా ఆడాడని బడివాళ్లు తీసేశారు. ఆ కోపమో, ఇంటి అవసరమో, పదో తరగతితో చదువు ఆపేశాడు. ఇప్పుడు అదే బడి స్టేడియానికి రాకీ మార్సియానో పేరుంది. అక్కడి ఆటగాళ్ల జట్లన్నిటికీ ‘బాక్సర్లు’ అని పేరు. 2012 సెప్టెంబరు 23న, అంటే అతను ప్రపంచ ఛాంపియన్ అయిన రోజుకు సరిగ్గా 60 ఏళ్లకు, ఆ స్టేడియం పక్కనే నిలువెత్తుకు మూడింతలున్న కంచు విగ్రహం పెట్టారు, కుడిచేయి విసురుతున్న భంగిమలో. పూర్వ విద్యార్థుల సంఘాల వాళ్లం మనం సభ్యత్వానికి పది పాసయ్యి ఉండాలా, మధ్యలో మానేసినా ఫర్వాలేదా అని మొన్నటి సమావేశంలో గంటసేపు వాదించుకున్నాం గదా, అందుకని ఈ సంగతి ఇక్కడ చెప్పాను.

సైన్యంలో కొన్నాళ్లు పనిచేసి తిరిగి వచ్చాక, 1947లో షికాగో కబ్స్ అనే పెద్ద క్లబ్బు తాలూకు చిన్న జట్టులో ఎంపిక కోసం నార్త్ కరోలినా దాకా వెళ్లాడు. కొన్ని వారాలకే వద్దని పంపేశారు. క్యాచర్ బంతి పట్టుకుని రెండో బేస్‌కు గురిగా, వేగంగా విసరాలి. అతని చేయి అందుకు పనికిరాలేదు. గమనించండి, ఇదే కుడిచేయి. ఇంటికి తిరిగొచ్చే సరికి 23 ఏళ్లు దాటాయి. చేతిలో చదువు లేదు, పని లేదు. చిన్ననాటి స్నేహితుడు ఆలీ కొలంబో ఒక్కడు వెంట ఉన్నాడు. బాక్సింగ్‌లో ప్రయత్నిద్దామన్నది ఆ స్నేహితుడే.

ఆ వయసులో బాక్సింగ్ మొదలుపెట్టడమంటే మన దగ్గర డిగ్రీ అయ్యాక సంగీతం నేర్చుకోవడానికి వెళ్లినట్టే. పైగా ఒడ్డూ పొడుగూ చూడండి. 5 అడుగుల 10 అంగుళాలు. బరువు 84 కిలోల అటూ ఇటూ. ఈనాటి నియమాల ప్రకారమైతే అతను హెవీవెయిట్ కిందకే రాడు, ఆ కింది తరగతిలో పడతాడు. రెండు చేతులూ బార చాపితే 68 అంగుళాలు. జో లూయిస్‌కు అది 76, తర్వాత వచ్చిన మహమ్మద్ అలీకి 78. హెవీవెయిట్ ఛాంపియన్లందరిలోకీ పొట్టి చేతులు ఇతనివే అంటారు. బాక్సింగ్‌లో ఇది చిన్న లోటు కాదు. అవతలివాడు ఎడమచేయి చాపి మీ మొహం మీద పొడుస్తూ ఉంటాడు, దాన్ని జాబ్ అంటారు. అతని చేయి మీకు అందుతుంది, మీ చేయి అతనికి అందదు. ఇక మీరు ఎంత బలవంతులైతే ఏం లాభం?

1948లో కొలంబో న్యూయార్క్‌లోని ఆల్ వైల్ అనే మేనేజరుకు ఉత్తరం రాశాడు. వైల్ పిలిపించి, తన దగ్గర పనిచేసే చార్లీ గోల్డ్‌మన్ అనే ట్రైనర్ ముందు నిలబెట్టాడు. ఈ గోల్డ్‌మన్ గురించి నేను కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా ఉద్దేశంలో సూజీ క్యూలో సగం ఆయనదే. అప్పటికి అరవై దాటిన మనిషి. అయిదడుగుల ఎత్తు. కళ్లజోడు, తల మీద గుండ్రటి నల్ల టోపీ. పోలండ్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగాడు. తనూ కుర్రతనంలో తక్కువ బరువు తరగతిలో వందకు పైగా పోటీలు ఆడి చేతులు విరగ్గొట్టుకున్నవాడు. ఆయన ముందు రాకీ గ్లోవ్స్ తొడుక్కుని ఒక పెద్ద బాక్సర్‌తో తలపడ్డాడు. కాళ్లు ఎడంగా పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. తగలని దెబ్బ లేదు. ఏదీ సరిగ్గా చేయడం రాదు. ఉన్నట్టుండి కుడిచేయి ఎక్కడో వెనక నుంచి తిప్పి ఒకటి వేశాడు. అవతలివాడు కూలిపోబోయాడు. గోల్డ్‌మన్‌కు కావలసింది అక్కడ కనిపించింది.

ఇంకొక గురువైతే ముందు నిలబడటం నేర్పేవాడు, జాబ్ నేర్పేవాడు, పుస్తకంలో ఉన్నట్టు మొదటి పాఠం నుంచి మొదలుపెట్టేవాడు. గోల్డ్‌మన్ అలా చేయలేదు. పొడుగువాణ్ణి ఇంకా పొడుగ్గా, పొట్టివాణ్ణి ఇంకా పొట్టిగా చేయాలన్నది ఆయన సిద్ధాంతం. రాకీని నడుం దగ్గర, మోకాళ్ల దగ్గర వంగమన్నాడు. మామూలుగానే పొట్టి, ఇప్పుడు అవతలివాడి ఛాతీ దగ్గర తల. కొట్టాలంటే అవతలివాడు కిందికి కొట్టాలి. కిందికి కొట్టే దెబ్బలో బలం సగం పోతుంది. కాళ్లు మరీ ఎడంగా పెడుతున్నాడని రెండు కాళ్లకూ తాడు కట్టి సాధన చేయించాడంటారు. తలను అటూ ఇటూ ఊపుతూ లోపలికి జొరబడటం నేర్పాడు. కుడిచేయి ఒక్కటే చూసుకుంటే జనం దానికే కాచుకుంటారని, ఎడమ హుక్ కష్టపడి నేర్పాడు. కానీ ఆ కుడిచేతిని మాత్రం మార్చడానికి ప్రయత్నించలేదు. విసురు తగ్గించాడు, దారి దగ్గర చేశాడు, అంతే.

మన డ్రిల్లు మాస్టారు గుర్తొస్తారు నాకు ఇది చదివినప్పుడల్లా. మా క్లాసులో ఒక పొట్టి కుర్రాడు ఉండేవాడు. కబడ్డీ కూతకు వెళ్తే రెండో అడుగులో దొరికిపోయేవాడు. అందరం వాణ్ణి జట్టులోంచి తీసేయమన్నాం. మాస్టారు వాణ్ణి ఎడమ మూల నిలబెట్టి, కూతకు వచ్చినవాడి చీలమండ పట్టుకోవడం ఒక్కటే పని అని చెప్పారు. నేలకు దగ్గరగా ఉండటం అక్కడ వరమైంది. ఆ ఏడు జిల్లా పోటీల్లో వాడు పట్టిన కాళ్లు విడిపించుకుపోయినవాడు లేడు.

ఇక ఆ గుద్దు సంగతి. సూజీ క్యూ తిన్నగా వెళ్లే గుద్దు కాదు. పైనుంచి వంపు తిరిగి దిగేది. వంగి ఉన్న మనిషి కుడిచేయి, అవతలివాడు చాచిన ఎడమచేతి మీదుగా దాటి దవడ మీదో, చెంప పక్కనో పడుతుంది. బయలుదేరడం కింద నుంచి బయలుదేరుతుంది, తగలడం పైనుంచి తగులుతుంది. అవతలివాడి చూపు ఒకచోట ఉంటే దెబ్బ మరోచోట నుంచి వస్తుంది. దెబ్బ వస్తోందని తెలిస్తే మనిషి మెడ కండలు బిగిస్తాడు, తల కదలదు. తెలియకపోతే దవడ ఒక మీటలా పనిచేసి తల గిర్రున తిరుగుతుంది. పుర్రె లోపల మెదడు అదిరి మనిషి స్పృహ తప్పుతాడు. నాకౌట్ అంటే ఇంతే. గుద్దిన బలం ఎంత అన్నదానికన్నా తల ఎంత వేగంగా తిరిగిందన్నది ముఖ్యం.

బలం మాటకొస్తే, ఇక్కడ నా వృత్తి అడ్డొస్తుంది. మార్సియానో గుద్దులో ఉక్కును చీల్చే తూటాకన్నా ఎక్కువ శక్తి ఉందనీ, అది 1000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తు లేపడంతో సమానమనీ ఒక బాక్సింగ్ పత్రికలో వచ్చిన మాటను ఈనాటికీ జనం తిరిగి తిరిగి రాస్తుంటారు. లెక్క వేస్తే అది సుమారు 1350 జౌళ్లు. సైనిక రైఫిల్ తూటాకు దానికి రెట్టింపు పైనే ఉంటుంది. పోనీ మనిషి చేయి సెకనుకు 9 మీటర్ల వేగంతో వెళ్లిందనుకుందాం, దాని వెనక నాలుగు కిలోల బరువు పనిచేసిందనుకుందాం, వచ్చేది 160 జౌళ్లు. అంకెల్లో గొప్ప చూపించబోయి పత్రికవాళ్లు బోల్తా పడ్డారు. ఆ మనిషి గొప్ప అందులో లేదు.

ఎందులో ఉందో పైలింగ్ చేసేవాళ్లకు తెలుస్తుంది. ఒక టన్ను సుత్తిని మూడు మీటర్ల ఎత్తు నుంచి వదిలినా, మూడు టన్నుల సుత్తిని ఒక్క మీటరు నుంచి వదిలినా కాగితం మీద శక్తి ఒకటే. సైటులో ఒకటి కాదు. తేలికపాటి సుత్తి ఎత్తునుంచి పడితే పైల్ తల చితుకుతుంది, చప్పుడెక్కువ, దిగడం తక్కువ. బరువైన సుత్తి కొంచెం ఎత్తు నుంచి పడితే పైల్ నేలలోకి నడుస్తుంది. మూడు టన్నుల పైల్ మీద మేం మామూలుగా వాడే సూత్రంతో లెక్కిస్తే మొదటిదాంట్లో నూటికి 30 వంతుల శక్తి పైల్‌కు చేరుతుంది, రెండోదాంట్లో 53. పొడుగు చేతులవాడు చేయి విసురుతాడు. రాకీ చేయి విసిరేవాడు కాదు, తననే విసిరేవాడు. మోకాళ్ల వంపు నుంచి లేచిన ఒళ్లంతా పిడికిలి వెనక వచ్చేది. దూరం కొద్దిగానే, వెనక బరువు మాత్రం మనిషంత. పొట్టి చేతులు ఇక్కడ లోటు కాకుండా పోయాయి.

ఇందుకు అతను పడ్డ కష్టం మాత్రం మామూలుది కాదు. తొలిరోజుల్లో రాకీ, కొలంబో కూరగాయల లారీలెక్కి బ్రాక్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లి గోల్డ్‌మన్ దగ్గర నేర్చుకుని వచ్చేవాళ్లు. బస్సు ఛార్జీలకు డబ్బులుండేవి కావు. ఈతకొలనులో మెడలోతు నీళ్లలో నిలబడి గుద్దులు సాధన చేసేవాడు. నీళ్లలో చేయి తిప్పి చూడండి, భుజాలకు తెలుస్తుంది. మైళ్ల కొద్దీ నడక, పరుగు. పెద్ద పోటీ ఉంటే నెలల తరబడి ఇల్లు వదిలి కొండల్లో శిబిరం. గ్రోసింగర్స్ అనే విడిది అందుకు పేరు. ఆ రోజుల్లో పదిహేను రౌండ్ల పోటీలుండేవి. పదమూడో రౌండ్లో కూడా మొదటి రౌండ్లో ఉన్న ఊపిరి ఉండటమే అతని అసలు ఆయుధమని నాకనిపిస్తుంది. తొలి 16 పోటీలూ నాకౌట్లే. పేరు నోరు తిరగక అనౌన్సర్ ఇబ్బంది పడుతున్నాడని మార్కెజానో కాస్తా ఆ రోజుల్లోనే మార్సియానో అయింది.

1949 డిసెంబరు 30న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కార్మైన్ వింగో అనే ఇరవై ఏళ్ల కుర్రాడితో పోటీ పడింది. పొడగరి, ధైర్యస్తుడు. పడుతూ లేస్తూ ఆరో రౌండు దాకా పోరాడాడు. ఆరో రౌండ్లో పడ్డవాడు లేవలేదు. మెదడులో రక్తస్రావం. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకుపోయారు. కోమా. చనిపోయేవాళ్లకు చదివే ప్రార్థనలు కూడా చదివేశారు. రాకీ ఆసుపత్రి దగ్గరే పడిగాపులు కాశాడు. ఈ కుర్రాడు పోతే ఇక గ్లోవ్స్ ముట్టనని అనుకున్నాడంటారు. వింగో బతికాడు. ఒళ్లు ఒకవైపు సరిగ్గా పనిచేయలేదు, మళ్లీ రింగ్ ఎక్కలేదు. రాకీ తనకు వచ్చిన డబ్బులోంచి ఆసుపత్రి ఖర్చుకు ఇచ్చాడు, ఏడాది తర్వాత తన పెళ్లికి పిలిచాడు, వింగో వచ్చాడు.

ఈ సంగతి దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. మేం పైల్ కొడతాం, పైల్‌కు నొప్పి ఉండదు. నేను పైన రాసిన లెక్కలన్నీ మెడ మీద తలకాయ ఉన్న మనిషికి తగిలే లెక్కలు. బాక్సింగ్‌ను నిషేధించాలనేవాళ్ల వాదన నాకు తెలుసు, దానికి నా దగ్గర గట్టి జవాబేమీ లేదు. రాకీ మూడు నెలలకే రోలాండ్ లాస్టార్జాతో పోటీకి దిగాడు. మునుపటి ఊపు లేదని కొందరికి అనిపించింది. ముగ్గురు నిర్ణేతల్లో ఒకరు అటు, ఒకరు ఇటు చెప్పగా మూడో మాటతో బయటపడ్డాడు. ఓటమికి అతను అంత దగ్గరగా వెళ్లింది తక్కువ. మూడేళ్ల తర్వాత అదే లాస్టార్జాతో మళ్లీ తలపడ్డప్పుడు, మొహం దొరక్కపోతే అడ్డం పెట్టుకున్న చేతులనే కొడుతూ పోయాడు. ఆ చేతుల్లో రక్తనాళాలు చిట్లాయి. చేతులు పైకెత్తలేని స్థితిలో పదకొండో రౌండ్లో లాస్టార్జా ఓడిపోయాడు.

1951 అక్టోబరు 26న జో లూయిస్ ఎదురుపడ్డాడు. దాదాపు 12 ఏళ్లు ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న మనిషి. అప్పటికి 37 ఏళ్లు. పన్ను బకాయిలు కట్టలేక మళ్లీ రింగ్‌లోకి వచ్చాడు. రాకీ తరం పిల్లలకు అతను దేవుడు. ఎనిమిదో రౌండ్లో ఎడమచేత్తో ఒకసారి పడగొట్టి, లేచాక ఎడమవి మళ్లీ తగిలించి, కుడిచేత్తో వేసిన దెబ్బకు లూయిస్ తాళ్ల మధ్య నుంచి రింగ్ అంచు మీదకు పడ్డాడు. ఒక కాలు తాడు మీద. ఇక లూయిస్ ఎప్పుడూ ఆడలేదు. గెలిచిన రాకీ లోపలికి వెళ్లి ఏడ్చాడు.

తర్వాతి ఏడాది 1952 సెప్టెంబరు 23, ఫిలడెల్ఫియా. ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్, 38 ఏళ్లవాడు. వయసును చూసి మోసపోకండి, రింగ్‌లో అంత తెలివైనవాడు అరుదు. ఒక అడుగు పక్కకు వేసి, వెనక్కి తిరిగి వెళ్తున్నట్టు నటించి కొట్టేవాడు. మొదటి రౌండ్లోనే ఎడమ హుక్‌తో రాకీని కింద పడేశాడు. రాకీ జీవితంలో కింద పడటం అదే మొదటిసారి. గాయాల మీద రాసే మందు ఏదో కళ్లలో పడి, మధ్యలో రెండు మూడు రౌండ్లు చూపు కూడా సరిగ్గా లేదు. అది ఎవరి మూల నుంచి వచ్చిందన్నది ఆ తర్వాత చాలాకాలం నడిచిన తగాదా. పన్నెండు రౌండ్లయ్యే సరికి ముగ్గురి కాగితాల మీదా వాల్కాటే ముందున్నాడు. మిగతా మూడు రౌండ్లు నిలబడితే చాలు, కిరీటం అతనిదే. రాకీకి మిగిలింది నాకౌట్ ఒక్కటే.

పదమూడో రౌండు మొదలైంది. వాల్కాట్ వెనక్కి జరిగి తాళ్లకు ఆనుకుని, తన కుడిచేత్తో కొట్టబోయాడు. అదే క్షణంలో రాకీ కుడిచేయి బయలుదేరింది. ఈసారి వంపు కూడా లేదు. జానెడో, జానెడున్నరో దూరం. దవడ మీద పడింది. ఆ ఫొటో చాలామంది చూసే ఉంటారు, వాల్కాట్ మొహం మొత్తం ఒక పక్కకు వాలిపోయి, ముద్దగా నొక్కిన మైనంలా ఉంటుంది. వెనకే ఎడమచేయి కూడా వచ్చింది గానీ దానికి పనిలేకపోయింది. వాల్కాట్ ఒక చేయి తాడుకు తగులుకుని మోకాళ్ల మీదికి జారి, నుదురు నేలకానించి ఉండిపోయాడు. రౌండు మొదలై 43 సెకన్లు. ఆ సినిమాను నేను నెమ్మదిగా తిప్పి తిప్పి చూశాను. చేయి కదిలేలోపు ఎడమకాలు ముందుకు పడుతుంది, తర్వాత తుంటి తిరుగుతుంది, తర్వాత భుజం, చిట్టచివర పిడికిలి. నాలుగేళ్ల కిందట కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలబడ్డవాడు ఇతనేనా అనిపిస్తుంది.

ఆ తర్వాత ఆరుసార్లు కిరీటం నిలబెట్టుకున్నాడు. వాల్కాట్‌తోనే రెండోసారి జరిగిన పోటీ మొదటి రౌండ్లో ముగిసింది, దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎజర్డ్ చార్ల్స్‌తో 1954లో రెండు పోటీలు చెప్పుకోవాలి. జూన్‌లో పదిహేను రౌండ్లూ జరిగింది, పాయింట్లతో గెలిచాడు. సెప్టెంబరులో ఆరో రౌండ్లో రాకీ ముక్కు చీరుకుపోయింది. గీసుకుపోవడం కాదు, ముక్కుపుట నిలువునా రెండుగా తెగింది. రక్తం ఆగలేదు. ఇంకొక్క రౌండు ఇలా ఉంటే డాక్టరు ఆపేసేవాడు. ఎనిమిదో రౌండ్లో చార్ల్స్‌ను పడగొట్టి ముగించాడు.

1955లో ఇంగ్లండ్ బాక్సర్ డాన్ కాకెల్‌తో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పోటీ మాత్రం నాకు నచ్చదు. నడుం కింద కొట్టాడు, తల తగిలించాడు, గంట మోగాక కూడా కొట్టాడు. రిఫరీ ఒక్క పాయింటూ కోయలేదు. దురుద్దేశం లేదని, మొరటుతనమేనని అభిమానులంటారు. కావచ్చు. తగిలినవాడికి తేడా ఏముంది? గోల్డ్‌మన్ నేర్పిన వంగుడు, దగ్గరకు జొరబడటం, ఆగకుండా కొట్టడం, ఇవన్నీ కలిసినప్పుడు తలా భుజమూ మోచెయ్యీ కూడా ఎక్కడో తగులుతాయి. అతని పద్ధతిలోనే ఆ మురికి కొంత ఉంది. అదే ఏడాది సెప్టెంబరు 21న యాంకీ స్టేడియంలో ఆర్చీ మూర్ రెండో రౌండ్లో అతన్ని పడగొట్టాడు. జీవితంలో రెండోసారి, ఆఖరిసారి పడటం. లేచి తొమ్మిదో రౌండ్లో మూర్‌ను నాకౌట్ చేశాడు. అదే ఆఖరి పోటీ.

1956 ఏప్రిల్ 27న ఇక ఆడనని ప్రకటించాడు. 32 ఏళ్లు. నడుంనొప్పి ఒక కారణం, నెలల తరబడి భార్యకూ కూతురికీ దూరంగా ఉండటం ఒక కారణం. సంపాదనలో సగం వైల్ తీసుకుంటున్నాడన్న కడుపుమంట మూడోది, బహుశా అన్నిటికన్నా పెద్దది. మళ్లీ రమ్మని చాలా డబ్బు చూపించారు, ఒకసారి రహస్యంగా సాధన మొదలుపెట్టి కూడా మానుకున్నాడు. పేదరికం మాత్రం అతన్ని వదల్లేదు. డబ్బున్నా వదల్లేదు. బ్యాంకుల్ని నమ్మేవాడు కాదు, చెక్కు ఇస్తే తీసుకునేవాడు కాదు, నోట్ల కట్టలే కావాలి. వాటిని ఎక్కడెక్కడో దాచేవాడు. అతను పోయాక ఇంటివాళ్లు ఎంత వెతికినా ఎక్కువ భాగం దొరకలేదు. ఐసు మోసి, గోతులు తవ్విన కుర్రాడి భయం అది. మన పెద్దవాళ్లలో కూడా బియ్యం డబ్బాలో డబ్బులు దాచుకునేవాళ్లను చూశాం గనక నాకది వింతగా అనిపించలేదు.

గోల్డ్‌మన్ 1968లో పోయారు. ఆయన్ను చూసి పని నేర్చుకున్న కుర్ర ట్రైనర్లలో ఏంజెలో డండీ ఒకడు. తర్వాత మహమ్మద్ అలీ మూలన నిలబడ్డ మనిషి ఆ డండీయే.

1969లో మయామీలో ఒక రేడియో నిర్మాతకు విచిత్రమైన ఆలోచన వచ్చింది. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు అలీని అప్పటికి ఆటకు దూరంగా పెట్టారు. అతనూ ఓడలేదు, రాకీ కూడా ఓడలేదు. ఇద్దరి లెక్కలూ ఎన్‌సీఆర్ 315 అనే కంప్యూటర్‌కు ఎక్కించి ఎవరు గెలుస్తారో అది తేల్చాలి, ఇద్దరి చేతా ఆ పోటీని నటింపజేసి సినిమా తీయాలి. రాకీ 45 ఏళ్ల వయసులో ఎన్నో కిలోలు తగ్గి, బట్టతల మీద విగ్గు పెట్టుకుని వచ్చాడు. ఒక్కో నిమిషం చొప్పున దాదాపు 70 రౌండ్లు తీశారు. ముగింపు ముందే బయటపడకుండా రకరకాల ముగింపులు తీశారు. ఇద్దరికీ మంచి స్నేహం కుదిరింది. కంప్యూటర్ తేల్చడం గురించి నా అభిప్రాయం అడగకండి. మా ఆఫీసులో కుర్రాళ్లు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె చూపించి వాదనకు దిగితే, లోపల ఏం పోశావో ముందు చెప్పు అంటాను.

సినిమా తీయడం అయిన కొద్ది వారాలకు, ఆగస్టు 31 రాత్రి, రాకీ ఒక చిన్న సెస్నా విమానంలో షికాగో నుంచి డెమాయిన్ వెళ్తున్నాడు. వాతావరణం బాగోలేదు. పైలట్‌కు అలాంటి రాత్రిళ్లలో నడిపిన అనుభవం తక్కువ. అయోవా రాష్ట్రంలో న్యూటన్ అనే ఊరి దగ్గర పొలాల్లో విమానం చెట్టుకు తగిలి కూలిపోయింది. లోపలున్న ముగ్గురూ పోయారు. తెల్లవారితే అతని 46వ పుట్టినరోజు. కంప్యూటర్ పోటీ సినిమా 1970 జనవరిలో థియేటర్లలోకి వచ్చింది. అమెరికాలో పదమూడో రౌండ్లో రాకీ గెలిచినట్టు చూపించారు. ఐరోపాలో అలీ గెలిచినట్టు ఇంకో ముగింపు వేశారు.